పాంపేలో నేను పట్టుకున్న చేతులు

దయ్యాల మాట ఎత్తితే నాకు ఒళ్ళు మండేది. నేను బండల పనివాణ్ణి. వేంపల్లె దగ్గర గనిలో రాయిని సుత్తితో తట్టి, మోగే తీరును బట్టి లోపల పగులు ఉందో లేదో చెప్పేవాణ్ణి. చేతికి తగలనిది ఉందంటే ఒప్పుకోని మనిషిని. శ్మశానం పక్క చేలో ఒంటరిగా కాపలా పడుకున్నవాణ్ణి కూడా. నన్ను పిచ్చివాడనుకునే ముందు ఈ సంగతి గుర్తుంచుకోమని నా మనవి.

పందొమ్మిది వందల యాభైల మధ్యలో మా గని యజమాని నన్ను ఇటలీ పంపాడు. బండలు కోసే మిషన్ల పని నేర్చుకొని రావాలి, ఆరు నెలలు. ఊరంతా సంబరపడింది గానీ నాకు కాలు కదల్లేదు. కారణం మా అన్న ఓబన్న.

మా నాయనను దాయాది ఒకడు నరికి చంపాడు. బావి నీళ్ళ వంతు దగ్గర మొదలైన గొడవ అది. చంపినవాడు జైల్లోనే పోయాడు. వాడి కొడుకు కొండయ్య మిగిలాడు. కొండయ్య ఏ పాపమూ ఎరగడు, ఆ బావిలోనే నాతో పాటు ఈత నేర్చుకున్నవాడు. అయినా మా అన్న తలకు తల పడాల్సిందే అని పదేళ్ళుగా పళ్ళు నూరుతున్నాడు. ఆ పని చేస్తే అన్నకు ఉరి తప్పదు. నేను ఊళ్ళో ఉంటే అడ్డం పడతాను. లేకపోతే ఎవరు ఆపాలి?

అందుకని బయలుదేరే ముందు దీపం వెలిగించి, అన్న చేత ఆర్పించి ప్రమాణం చేయించుకున్నాను. మా వైపు దీపం ఆర్పి చేసిన ప్రమాణం తప్పితే వంశం నిలవదని నమ్మకం. నాకు నమ్మకం లేదు గానీ అన్నకు ఉంది. నేను తిరిగి వచ్చేదాకా కొండయ్య మీద చెయ్యి వేయనన్నాడు. ఆ ధైర్యంతోనే బొంబాయిలో ఓడ ఎక్కాను.

నేను పని నేర్చుకున్న నేపుల్స్ ఊరికి ఒక పక్క సముద్రం, అందులో ద్వీపాలు. ఇంకో పక్క వెసూవియస్ అనే అగ్నిపర్వతం. మా మేస్త్రీ ముసలాయన, వచ్చీరాని ఇంగ్లీషుతో ఆదివారాలు నన్ను ఊళ్ళు తిప్పేవాడు. ఒకసారి రాత్రంతా పడవలో ప్రయాణించి స్ట్రాంబోలి అనే ద్వీపానికి తీసుకుపోయాడు. అక్కడి కొండ పావుగంటకోసారి ఎర్రటి రాళ్ళు ఎగజిమ్ముతుంది. కాళ్ళ కింద నేల గుడగుడలాడుతుంది. ఆ కొండ కిందే జనం ద్రాక్షతోటలు పెట్టుకొని, పిల్లల్ని కని బతుకుతున్నారు. వీళ్ళకేం పొయ్యేకాలం అనుకున్నాను. మేము మాత్రం దాయాదుల గోడకు గోడ ఆనించి కాపురాలు చేయడం లేదా?

ఇంకో ఆదివారం పాంపే చూడబోయాం. రెండు వేల ఏళ్ళ కిందట వెసూవియస్ బూడిదలో కూరుకుపోయిన పట్నం అది. బండలు పరిచిన వీధులు, వాటి మీద బండి చక్రాలు తొలిచిన గాడులు. బూడిదలో మనుషులు పడి, ఒళ్ళు చివికిపోయిన చోట మిగిలిన గుంటల్లో సున్నం పోసి తీసిన బొమ్మలు చూపించారు. ఒకడు చెయ్యి పైకెత్తి ఉన్నాడు. ఎవరినో కొట్టబోతున్నాడు అన్నాను. మేస్త్రీ తల అడ్డంగా ఊపి, మొహం మీద బూడిద పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకున్నాడని అభినయించి చూపించాడు.

అక్కడి నుంచి ఒక సన్న వీధిలోకి తిరిగాం. నా గడియారంలో సరిగ్గా పన్నెండు. మన దగ్గర సాయంత్రం నాలుగున్నర అవుతుంది. మిట్టమధ్యాహ్నం, ఎండ, నేను తాగింది మంచినీళ్ళు. ఇవన్నీ సాక్ష్యం కోసం చెబుతున్నాను.

నా ముందు నాలుగడుగుల దూరంలో కొండయ్య నిలబడి ఉన్నాడు. నాకు వీపు పెట్టి, చెయ్యి పైకెత్తి. వాడికి ఎదురుగా మా అన్న మొహం కనిపించింది. మా వైపు పగవాడి చెయ్యి లేచిందంటే అందులో కొడవలి ఉందా లేదా అని చూసే తీరిక ఉండదు. అన్నను నరుకుతున్నాడు, అంతే అనుకున్నాను. ఒక్క ఉదుటున పోయి వెనక నుంచి వాడి రెండు చేతులూ విరిచి పట్టుకున్నాను.

చేతికి తగిలాడు. చెమట వాసన, తడిసిన అంగీ, గింజుకునే ఎముకలు. బండలు మోసిన చేతులు నావి, ఎంత గింజుకున్నా వదల్లేదు. అప్పుడు దెబ్బలు పడ్డాయి. ఒకటి, రెండు, మూడు. ప్రతి దెబ్బా వాడి ఒంట్లో నుంచి నా రొమ్ముకు అదిరింది. మొహం మీద వెచ్చగా చిమ్మింది. అన్న ఎదురు కొడుతున్నాడు, మంచి పని అనుకున్నాను. ఆ మాట దాచుకోను. నాలుగో దెబ్బకు వాడి బరువంతా నా చేతుల మీద వాలింది. ఆ వెంటనే చేతులు ఖాళీ అయిపోయాయి.

నేను బండల మీద బోర్లా పడి ఉన్నాను. మొహం తుడుచుకుంటే నెత్తురు లేదు. మేస్త్రీ తెల్లబోయి, గాలిని వాటేసుకొని ఊగిపోయావని సైగ చేశాడు. నా వేళ్ళు అరగంట దాకా విచ్చుకోలేదు. ముంజేతుల మీద గోళ్ళ గాట్లు మాత్రం వరసగా ఉన్నాయి. నేను గోళ్ళు కొరికే మనిషిని, నా గోళ్ళతో గీత కూడా పడదు.

పదిహేను రోజులకు జాబు వచ్చింది. ఆ ఆదివారమే, పొద్దు వాలేముందు, మా ఊరి పక్క పాపఘ్ని ఏటి ఇసుకలో కొండయ్యను నరికేశారని, అన్న జైల్లో ఉన్నాడని. దీపం ఆర్పి చేసిన ప్రమాణం కూడా అన్నను ఆపలేదు.

నేను వచ్చేసరికి కడప కోర్టులో విచారణ నడుస్తోంది. చూసినవాడు ఒక్కడే, గొర్రెల కాపరి మద్దిలేటి. జడ్జి ముందు వాడు ఇలా చెప్పాడు.

"ఇద్దరుండ్రి సామీ. పెద్దోడు కొడతాండె, చిన్నోడు యెనక నుంచి చేతులు ఇరిసి పట్టుకోనుండె. ఇదో, ఈయప్పే ఆ చిన్నోడు."

వాడి వేలు నా వైపే ఉంది. మా వకీలు నవ్వి, నా పాస్‌పోర్టు తీసి ముద్రలు చూపించాడు. నేను బోనెక్కి, ఆ రోజు ఇటలీలో ఉన్నానని ప్రమాణం చేసి చెప్పాను. అబద్ధం కాదు. ఉన్న ఒక్క సాక్షీ నమ్మదగినవాడు కాదని తేల్చి అన్నను వదిలేశారు. మద్దిలేటి అబద్ధాలకోరని ఊళ్ళో పేరు పడింది. నిజం చెప్పినందుకు.

ఇంటికొచ్చాక అన్న నా భుజం మీద చెయ్యేసి మెల్లగా అన్నాడు.

"నువ్వు పట్టుకోకపోయింటే వాడు నాకు దొరికేటోడు కాదప్పా. యాడ నుంచి వస్తివో గాని, శానా గట్టిగా పట్టుకొంటివి."

"వాని చేతిలో కొడవలి ఉండె గదన్నా?"

"వాని చేతిలో ఏముండాది? కొట్టద్దని చెయ్యి అడ్డం పెట్టినాడు. కొడవలి నాది."

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అన్న చెంప పగలగొట్టాను. పెదవి చిట్లి నెత్తురు కారింది. అన్న తిరిగి కొట్టలేదు. ఆ తర్వాత నేను అన్న ఇంట్లో మెతుకు ముట్టలేదు.

కొన్నాళ్ళకు కొండయ్య భార్య గని దగ్గరికి వచ్చింది. వరసకు నాకు వదిన. తిడుతుంది, మన్నెత్తి పోస్తుంది అనుకున్నాను. పోస్తే నాకు కొంచెం హాయిగా ఉండేది. మద్దిలేటి మాటే నమ్మిందో ఏమో, ఆమె బండ మీద కూర్చొని ఒక్కటే అడిగింది.

"నువ్వు పట్టుకోనున్నెప్పుడు ఏమన్నా అన్న్యాడాప్పా?"

నేను అక్కడ లేనని కోర్టులో ప్రమాణం చేసినవాణ్ణి. ఆ మాటే మళ్ళీ అనడానికి నోరు రాలేదు. అప్పటిదాకా ఎవరికీ చెప్పనిది ఆమెకు చెప్పాను.

"అన్న్యాడు వదినా. వదులప్పా, ఇంటికాడ పిల్లోళ్ళుండారు అన్న్యాడు."

ఆమె బండ మీద నుంచి లేచింది.

"మరి ఎందుకు వదల్లేదప్పా?"

ఇటలీలో ఉన్నవాణ్ణి పాపఘ్ని ఇసుకలో ఎలా ఉన్నానో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఆమె అడిగింది అది కాదు.