బాపు మా హాస్టల్ మెట్ల మీద కూర్చున్న మధ్యాహ్నం

దయ్యాలను నేను నమ్మను. ఈ మాట ఇప్పటికీ అంటాను. మా ఊళ్లో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు డాక్టరుకు చూపించండి, మంత్రాలు తర్వాత చూద్దురు అని కసిరేవాణ్ని. ఇది చదివి వీడికి మతి చెడిందనుకుంటే అనుకోండి. ఇన్నేళ్లూ ఎవరికీ పూర్తిగా చెప్పకపోవడానికి కారణం భయం కాదు, సిగ్గు.

మాది కొడకండ్ల పక్కన చిన్న ఊరు. ఇప్పుడు జనగామ జిల్లా, అప్పుడు వరంగల్ జిల్లా. మా బాపు గొర్రెలు కాసేవాడు. ఎండైనా వానైనా భుజం మీద నల్ల గొంగడి, చేతిలో కర్ర. చదువు లేదు, వేలిముద్రే. ఆయనకొక అలవాటుండేది. ఎవరింటికి వెళ్లినా ముందు గొంగడి తీసి, చిన్నగా మడిచి, గడప బయట పెట్టేవాడు. గొర్రె వాసన వాళ్ల ఇంట్లో ఉండిపోతుందని. పిలిస్తే తప్ప లోపలికి అడుగుపెట్టేవాడు కాదు.

నేను హైదరాబాద్‌లో చైనీస్ భాష చదివాను. ఆ భాష మీద ప్రేమతో కాదు, సీటు దొరికింది కాబట్టి చేరాను. చేరాక పట్టుబడింది. స్కాలర్‌షిప్ వచ్చి చైనాలోని కున్మింగ్ అనే ఊరికి వెళ్లాను. అక్కడి యూనివర్సిటీ హాస్టల్లో నాలుగో అంతస్తు నాది. లిఫ్టు లేదు. వేణ్నీళ్ల కోసం ఫ్లాస్కు పట్టుకుని కిందికి దిగాలి. కింద గాజు కిటికీ వెనక ఒక పెద్దావిడ కూర్చునేది. ఆమెను అందరం ఆయి అనేవాళ్లం. వాళ్ల భాషలో పిన్ని అన్నట్టు. ఎవరైనా మమ్మల్ని చూడటానికి వస్తే ఆమె పుస్తకంలో రాసుకుని, గోడకున్న స్పీకరులో మా గదికి చెప్పేది. మేం దిగి వచ్చి, మావాళ్లే అంటేనే లోపలికి పంపేది.

మా అంతస్తులో తెలుగువాళ్లం నలుగురం. మిగతా ముగ్గురూ కోస్తా జిల్లాల నుంచి వచ్చి డాక్టరీ చదువుతున్నారు. వాళ్ల క్లాసులు ఇంగ్లిషులో, అందుకే చైనీస్ అంతంతమాత్రం. బ్యాంకుకు పోయినా, కూరగాయలు కొన్నా, ఆయితో మాట్లాడినా వాళ్లకు నేనే నోరు. మంచివాళ్లే. కిశోర్ అనే అతను మరీ మంచివాడు.

చేరిన మొదటి వారంలో వాళ్లలో ఒకడు సినిమాల్లో రౌడీలు మాట్లాడినట్టు మా యాస పట్టి, ‘ఏంది వయా, గట్లంటవ్’ అన్నాడు. ఆ యాస నాదేనని వాడికి తెలియదు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుతో మొదలైంది నా నాటకం. మాది హైదరాబాద్ అన్నాను. మా నాన్నకు రైస్ మిల్లుందన్నాను. ‘బాపు’ అనే మాట నోట్లోంచి రాకుండా చూసుకున్నాను. ఇంటికి ఫోన్ చేయాలంటే డాబా మీదికి వెళ్లి చేసేవాణ్ని.

అవి తెలంగాణ కోసం మా ఊళ్లన్నీ రోడ్ల మీద ఉన్న రోజులు. నాతో చదివినవాళ్లు లాఠీ దెబ్బలు తింటున్నారు. బళ్లు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి. ఇక్కడ మా గదిలో ఆ కబురు వచ్చినప్పుడల్లా వాదన జరిగేది. నేను మాత్రం ‘నాకు రాజకీయాలు పట్టవు బాబూ’ అని పుస్తకంలో తల దూర్చేవాణ్ని. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటినాక బోడి మల్లయ్య అంటారు. నేను సముద్రమే దాటాను మరి.

ఒక ఆదివారం మధ్యాహ్నం నా గదిలో నలుగురం చేరి, ఆయికి తెలియకుండా రైస్ కుక్కర్లో పప్పు వండుతున్నాం. మూడు గంటల ఇరవై నిమిషాలు. టైము ఎందుకు గుర్తుందంటే, పప్పు ఎప్పుడవుతుందా అని గడియారమే చూస్తున్నాను. స్పీకరు గరగరమంది. ఆయి గొంతు. మీ దేశం నుంచి ఒక ముసలాయన నీ కోసం వచ్చాడు అంది. సన్నగా, నల్లగా ఉన్నాడు, చేతిలో కర్ర ఉంది, నల్లటి ఉన్ని దుప్పటి మడిచి గుమ్మం బయట పెట్టాడు, రమ్మంటే లోపలికి రావడం లేదు అంది.

ఇప్పుడు నిజం చెప్పాలి. ఆ క్షణంలో నాకు ఆశ్చర్యం కలగలేదు. పాస్‌పోర్టు లేనివాడు, హైదరాబాదే రెండుసార్లు చూసినవాడు ఇక్కడికి ఎట్లా వస్తాడని అనుకోలేదు. అమ్మో, వీళ్లు చూస్తారే అనుకున్నాను. ముందు అదే తోచింది. రైస్ మిల్లు ఓనరుగారు గొంగడితో మెట్ల మీద నిలబడి ఉన్నారని వీళ్లకు తెలిసిపోతుందే అని.

‘పు రెన్‌షి’ అన్నాను స్పీకరులోకి. ఆయన ఎవరో నాకు తెలియదు అని. ఆ భాషలో మొదటి నెలలోనే నేర్పే మాట అది. నా ఉచ్చారణకు ఎప్పుడూ వంకపెట్టే మా మాస్టారు విన్నా, ఆ రోజు ఒక్క తప్పు పట్టేవారు కాదు.

‘ఏవంటోంది రా ఆవిడ?’ అని కిశోర్ అడిగాడు. పప్పు వాసన పసిగట్టిందేమోనని వాడి భయం.

‘ఏం లేదు. పాత సామాన్లు కొనేవాడు ఎవడో వచ్చాడట’ అన్నాను.

పది నిమిషాలకు ఆయి మళ్లీ పిలిచింది. ముసలాయన పోవడం లేదు, మెట్ల మీద కూర్చున్నాడు, ఒక్కసారి దిగి చూడు అంది. నాకు తెలియదని చెప్పానుగా, పంపించేయండి అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. తర్వాత మేం పప్పన్నం తిన్నాం. నేను ముద్దలు కలుపుతూ తిన్నట్టు నటించాను. అప్పటికి నటన బాగా అలవాటైంది.

వాళ్లు ముగ్గురూ పడుకున్నాక అయిదున్నరకు ఫ్లాస్కు పట్టుకుని దిగాను. ఆయి నన్ను చూడగానే విరుచుకుపడింది. ఇంత దూరం వచ్చిన పెద్దమనిషి కోసం నాలుగు అంతస్తులు దిగలేవా, మీ దేశంలో ఇదేనా మర్యాద అంది. వేణ్నీళ్లు ఇస్తే రెండు చేతులా పట్టుకున్నాడట, తాగలేదట. ఒక్క మాటా మాట్లాడలేదట. మెట్ల పైకి చూస్తూ చాలాసేపు కూర్చుని, దుప్పటి భుజాన వేసుకుని వెళ్లిపోయాడట.

మాట్లాడకపోతే నా కోసమని మీకెట్లా తెలిసింది అని అడిగాను. కాగితం చూపించాడంది. చైనీస్ అక్షరాల్లో నా పేరు, గది నంబరు ఉన్నాయంది. మా అమ్మ, మేం అవ్వ అంటాం, నాకు పచ్చడి పంపడానికని నేనే అటువంటి కాగితం ఒకటి రాసి ఇంటికి పంపాను. ఆయి పుస్తకం తెరిచి చూపించింది. తేదీ, టైము, నా గది నంబరు ఆమె రాతలో ఉన్నాయి. సంతకం చేయాల్సిన చోట, అక్కడివాళ్లు ముద్రలకు వాడే ఎర్ర సిరాతో వేలిముద్ర ఉంది. కలం ఇస్తే తీసుకోలేదు, బొటనవేలు చూపించాడు అంది.

ఫ్లాస్కు అక్కడే వదిలేసి గేటు దాకా ఉరికాను. బస్టాండు దాకా పోయాను. ఎవరూ లేరు. గేటు దగ్గరి కాపలావాళ్లను అడిగితే, అటువంటి మనిషి లోపలికి రావడం గానీ పోవడం గానీ చూడలేదన్నారు.

ఎనిమిది గంటలకు మానుకోట నుంచి మా బావ ఫోన్ చేశాడు. ‘మామ మనకు లేడురా’ అన్నాడు.

పొద్దున మందను తోలుకుపోతూ బాపు రోడ్డు పక్కన పడిపోయాడట. ఆ రోజు బంద్. ఊళ్లో ఎవరిదో ట్రాలీ ఆటోలో వేసుకుని జనగామ దవాఖానకు బయలుదేరారు. దేవరుప్పుల దగ్గర నిరసనగా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి జనం వంటావార్పు చేస్తున్నారట. విషయం తెలియగానే మండుతున్న పొయ్యిలను పక్కకు జరిపి దారి ఇచ్చారట. ముక్కూమొహం తెలియనివాళ్లు. పదకొండుకల్లా దవాఖాన చేరారు. అప్పటికే బాపుకు తెలివి లేదు. సాయంత్రం అయిదింటికి ప్రాణం పోయింది.

చైనా గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. నాకు మూడూ ఇరవై అంటే, జనగామలో పన్నెండూ యాభై. ఆ టైములో బాపు మంచం మీద ఉన్నాడు. అవ్వ పక్కనే ఉంది.

ఆ రాత్రే ముగ్గురినీ కూర్చోబెట్టి అడిగాను, ఇది మీరు ఆడిన ఆటేనా అని. కిశోర్ బిత్తరపోయాడు. ‘మీ నాన్నగారికి మిల్లుందని కదరా నువ్వు చెప్పావు! ఆయన గొర్రెలు కాస్తారనీ, దుప్పటేసుకుంటారనీ మాకెలా తెలుస్తుంది?’ అన్నాడు. తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ దేశంలో బాపు గొంగడి సంగతి తెలిసిన మనిషి నేనొక్కణ్నే. నా అబద్ధమే సాక్ష్యమైంది. అంతా విన్నాక కిశోర్, ‘దీంట్లో దాచుకోవడానికి ఏవుందిరా?’ అన్నాడు. ఆ ఒక్క మాటకు ఏడ్చినంతగా నేను చావు కబురుకు కూడా ఏడవలేదు.

కున్మింగ్ చుట్టుపక్కల కొండల్లో ఒక జాతివాళ్లు అటువంటి నల్ల ఉన్ని దుప్పట్లే కప్పుకుంటారని తర్వాత మా మాస్టారు చెప్పారు. ఎవరో ముసలాయన దారితప్పి వచ్చి ఉంటాడని, ఆయి పొరపడి ఉంటుందని అన్నారు. కావచ్చు. మరి కాగితం? ఆ పేజీ ఫొటో తీసుకుందామని నాలుగుసార్లు ఆయి కిటికీ దాకా వెళ్లాను. ఇంట్లో భూమి కాగితాల మీద బాపు వేలిముద్ర ఉంది. పక్కపక్కన పెట్టి చూస్తే తేలిపోయేది. తేలిపోతుందనే తీయలేదు.

దహనానికి అందలేదు. దినాలకు చేరుకున్నాను. గుండు చేయించుకుని ఇంటి ముందు కూర్చుంటే వచ్చినవాళ్లంతా, చైనా దాకా చదివించిండు నీ బాపు, నీ ముచ్చట చెప్పని దినం లేదు అన్నారు. నా పేరు రాసిన ఆ కాగితాన్ని అంగీ జేబులోనే పెట్టుకుని తిరిగేవాడట. దవాఖానలో అంగీ విప్పినప్పుడు అందులోనే ఉందని అవ్వ నా చేతికిచ్చింది.

అందరూ వెళ్లాక అవ్వ అన్నం పెట్టి నా ఎదురుగా కూర్చుంది.

‘నడుమ ఒక్కపారి కండ్లు తెరిసిండు బిడ్డా. ఒంటిగంట అయి ఉంటది. మంచిగనే మాట్లాడిండు. చిన్నోని కాడికి పోయిన, నేనెవలో ఎరుకలేదన్నడే అన్నడు. మల్ల కండ్లు మూసిండు. గట్లెందుకన్నడు బిడ్డా?’

ఆ మధ్యాహ్నం కున్మింగ్‌లో మెట్ల మీద కూర్చున్నది ఎవరో, జనగామలో మంచం మీద ఉన్న మనిషికి నా మాట ఎట్లా చేరిందో ఈ రోజుకూ నాకు అంతుపట్టలేదు. కానీ అవ్వ అడిగింది అది కాదు. ఆమె అడిగినదానికి జవాబు నాకు తెలుసు.

‘మగతల ఏదో అన్నడు తియ్యవ్వా’ అన్నాను.

అవ్వ కాసేపు నా మొహం చూసింది. చూసి, నా కంచంలో ఇంకో ముద్ద వేసింది.

‘గంతే అయి ఉంటది. నువ్వు గట్లనెటోనివా బిడ్డా’ అంది.