జైలు చేతులు, పట్టు పోగు

మేజిస్ట్రేటు నాకు వేసింది ఆరు నెలలు. ఆ ఆరు నెలలూ అనుభవించి బయటికి వచ్చాను. శిక్ష మాత్రం నా వెంటే వచ్చింది, అరచేతుల్లో.

రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజులు. బెంగుళూరు పేటలో మాది మగ్గాల వీధి, పట్టుచీరలు నేసేవాళ్ళం. అమావాస్యనాడు మగ్గం తొక్కకూడదు. ఆ సెలవునాడు మగవాళ్ళం కొందరం కూడి గంజాయి చిలుం పీల్చేవాళ్ళం. దాన్ని గొప్పగా చెప్పడం లేదు, దాచడమూ లేదు. పేటలోనే సర్కారు లైసెన్సు ఉన్న గంజాయి అంగడి ఉండేది. అక్కడ కొంటే సర్కారుకు ఆదాయం. నేను చవగ్గా వస్తుందని హోసూరు వైపునుంచి వచ్చే బండ్లవాళ్ళ దగ్గర కొన్నాను. అదే ఆకు, అదే పొగ. పొట్లం మీద అంగడి ముద్ర లేదు కాబట్టి నేను నేరస్థుణ్ణి! ఇన్నేళ్ళయినా ఈ న్యాయం నాకు మింగుడు పడలేదు.

జైల్లో రాళ్ళు కొట్టించారు. స్వరాజ్యం కోసం లోపలికి వచ్చినవాళ్ళూ అప్పుడు అక్కడే ఉన్నారు. వాళ్ళలో ఒక మాస్టరు సుద్దముక్కతో నేలమీద నాకు అక్షరాలు దిద్దించాడు. నా చదువుకు అదే మొదలు. వాళ్ళు విడుదలైన రోజున గేటు దగ్గర పూలదండలు. నేను బయటికొచ్చిన రోజున నా భార్య ఒక్కతే, చెంబులో మజ్జిగతో. గంజాయి ఖైదీకి దండ ఎవరు తెస్తారు? ఆ మజ్జిగ మాత్రం బాగుంది.

మర్నాడే సావుకారు దగ్గరికి పోయాను. మగ్గాలూ పట్టూ ఆయనవి, కూలి మాది. కూర్చోమని కూడా అనలేదు.

"చెయ్యి చూపించప్పా," అన్నాడు.

చాపాను. ఒక పట్టు పోగు తీసి నా అరచేతిమీదుగా లాగాడు. సుత్తి పట్టి కాయలు కాసి, పగిలిన చెయ్యి. పోగు తగులుకుని రేగిపోయింది.

"చూస్తివి కదా. ఈ చేతుల్తో పడుగు ముట్టుకుంటే ఏమైతాదో నీకే తెలుసు. పెండ్లిచీరలప్పా ఇవి."

"చేతులు మెత్తబడితే మగ్గమిస్తారా?"

"పోగు తగులుకోకుంటే ఇస్తా లే."

మగ్గాలమీద ఉన్న నలుగురూ ఆ మాట విన్నారు. పోగు సాకు అని నాకు తెలుసు. జైలు మనిషి నేసిన చీర పెళ్ళికూతురికి ఎవరు కడతారన్నది ఆయన అసలు భయం.

ఇంటికొచ్చి మండిపడ్డాను. నా భార్య అంతా విని, "అయితే మెత్తగా చేసుకొందాం. అంతే కదా?" అని ఆముదం గిన్నె తెచ్చింది.

అప్పట్నుంచి రోజూ గోరువెచ్చని నీళ్ళలో చేతులు నానబెట్టడం, ఇటుకముక్కతో కాయలు రుద్దడం, ఆముదం పట్టించి పాత పంచె గుడ్డ చుట్టడం. కట్టెలు కొట్టనివ్వలేదు, నీళ్ళు తోడనివ్వలేదు. ఇల్లు గడవడానికి తాను రాట్నం మీద ఊరందరి కండెలూ చుట్టేది. నేను గుడ్డల చేతులు ఒళ్ళో పెట్టుకుని అరుగుమీద కూర్చునేవాణ్ణి.

ఒకరోజు ఎదురింటామె వీధంతా వినబడేట్టు అడిగింది: "ఏమ్మే, మీ ఇంటికి కొత్తకోడలు వచ్చిండాదంట? అరుగు దిగదు, కడవ ముట్టదు!"

నా భార్య చంకలో కడవ దించకుండానే, "అవునక్కా, శానా సుకుమారం. కొంచెం ఆముదం మిగిలిండాది, ఇయ్యనా? మీ ఆయన నోటికి రాద్దువు," అంది.

ఎదురింటాయన బూతులు పేటంతా ఎరిగినవే. వీధి వీధంతా నవ్వింది. జైలు తర్వాత నేను నవ్వడం అదే మొదలు.

అమావాస్యలు వచ్చిపోయాయి. స్నేహితులు పిలిచినా చిలుంకు పోలేదు. భక్తి పుట్టి కాదు. చిలుం వేడికి వేళ్ళు మళ్ళీ మొరటెక్కుతాయని మా ఇంటి ఆజ్ఞ.

చివరికి ఒక ఉదయం సావుకారు ముందు మళ్ళీ చేతులు చాపాను. పోగు లాగాడు. జారిపోయింది. వేళ్ళ సందుల్లో లాగాడు. అక్కడా జారింది. ఆయన మెడ గోక్కున్నాడు.

"పోగు సరేప్పా... జనానికి నోరుండాది కదా. జైలు మనిషంటే..."

నాకు ఒళ్ళు మండింది. "సావుకారూ, మేజిస్ట్రేటే ఆరు నెలలన్నాడు. మీరెన్నేండ్లు వేస్తారో చెప్పండి, నిలబడి వింటా."

మగ్గాల చప్పుడు ఆగిపోయింది. నలుగురూ తొక్కుడుచెక్కల మీంచి కాళ్ళు తీసేశారు. వాళ్ళలో పెద్దాయన మగ్గం గుంటలోంచే అన్నాడు: "ఆ పొద్దు మీరిచ్చిన మాట మేమూ విన్నాము సావుకారూ. పోగు ఒప్పుకొన్యాక మీకేమి కష్టం?"

సావుకారు ఆ పోగును వేలికి చుట్టుకున్నాడు. "సరే. ఆ మూల మగ్గంలో కూర్చో. ముందు చిన్నంచు చీర. చెడిపితే ఊరుకోను."

"చెడిపితే నేనే మగ్గం దిగి వెళ్ళిపోతా," అన్నాను.

గుంటలోకి కాళ్ళు దించాను. సాయంత్రానికి నడుము విరిగినట్టయింది, నేసింది జానెడే. ఇంటికి వెళ్ళేసరికి నా భార్య రాట్నం ఆపి తలెత్తింది.

"ఎంతైంది?"

"జానెడు."

"ఏమి రంగు?"

"పసుపు. ఎర్రంచు."

"మంచి రంగు," అని మళ్ళీ రాట్నం తిప్పింది.