వావా పెడల్ మీద ఆమె కాలు

ఇప్పటి కుర్రాళ్లు కాళ్ల ముందు పలకలాంటిది పెట్టుకుని, దాని నిండా మీటలు బిగించుకుని గిటార్ వాయిస్తారు. మీ కాలంలో ఇవేవీ లేవు కదా తాతా అని నామీద జాలిపడతారు. ఆ జాలి నాకెందుకు? ఎనభైల మొదట్లోనే నంద్యాలలో నా దగ్గర వావా పెడల్ ఉండేది. మద్రాసులో ఎవరో వాడి వదిలేస్తే కొనుక్కొచ్చాను. ఇనుప పెట్టె, పైన పాదం పట్టేంత రేకు. కాలి మునివేళ్లతో నొక్కితే గిటార్ శబ్దం నోరు తెరుస్తుంది, మడమతో నొక్కితే మూస్తుంది. చెయ్యి తీగను మీటుతుండగానే కాలు దానికి మాటలు నేర్పాలి. నాకెవడూ చెప్పివ్వలేదు, నేనే నేర్చుకున్నాను. పెళ్లిళ్లకు వాయించే మా ఆర్కెస్ట్రాలో నా కుర్చీ నిలిచింది ఆ శబ్దం మీదే.

ఆళ్లగడ్డలో పెద్దింటి పెళ్లి ఒప్పుకున్నాక, మా ఇంట్లో నాపరాళ్లు పరిపిస్తుంటే ఒక బండ జారి నా కుడి పాదం మీద పడింది. ఎడమ కాలితో తొక్కి చూశాను. ఎడమ చేత్తో సంతకం చేసినట్టే ఉంది. ఆర్కెస్ట్రా పెద్ద ఇంటికొచ్చి కట్టు చూశాడు. పెళ్లివాళ్లు ముచ్చటపడి అడిగింది ఆ వావా శబ్దమే కాబట్టి, అది లేకుంటే కర్నూలు నుంచి ఇంకొకణ్ణి పిలుచుకుంటానన్నాడు. ఒకసారి వచ్చి కూర్చున్నవాడు మళ్లీ లేవడని నాకు తెలుసు.

నా భార్య పక్కనే మిషను మీద రవికలు కుడుతోంది. ఆయన వెళ్లిపోయాక మిషను ఆపి, నీ బదులు నేను తొక్కితే పలకదా అనడిగింది.

మొదటిరోజు పాటంతా బాతులా అరిచింది. మిషను తొక్కే కాలు కుట్టు అయ్యేదాకా ఆగదు మరి. నేను విసుక్కున్నాను. ఆమె విసుక్కోలేదు.

"వావా గీవా నాకు తెల్దు. నీ పాట యాడ నేరుగా పోతాది, యాడ సంక తిరుగుతాది, అది చెప్పు. తిరిగేకాడ నిదానంగా తొక్కుతా."

చంక దగ్గర గుడ్డ వంపు తిరిగేచోట కాలు నెమ్మదించకుంటే రవిక ముడతపడుతుంది. ఆ సంగతి ఆమె పాదానికి ఏనాడో తెలుసు. అప్పటినుంచి పాటను రవికలాగే విడదీసుకున్నాం. ఇది పక్క కుట్టు, తొక్కొద్దు. ఇది మెడ, ఇక్కడ మెల్లగా.

ఆళ్లగడ్డ పందిట్లో, వైరు పొట్టిది కావడంతో, ఆమె స్టేజీ మీదే నా కుర్చీ పక్కన చాప వేసుకుని కూర్చుంది. ముందు వరుసలో ఒకాయన గట్టిగానే అన్నాడు:

"ఏందన్నా, కాళ్లు నొక్కిచ్చుకోనీకి ఇంటామెను గూడా పిల్చుకొచ్చినావా?"

చుట్టూ నవ్వారు. ఆమె తల దించుకుంది గాని కాలు తియ్యలేదు.

మొదటి పాట మధ్యలో, అనుకోకుండా, ఒక స్వరాన్ని నేను అనుకున్న దానికంటే చాలాసేపు పట్టాను. ఆమె పెడల్ వైపు చూడటం లేదు. నా భుజం చూస్తోంది. నేను తీగను వణికిస్తుంటే పాదం బరువును మెల్లమెల్లగా మడమ మీదికి తీసింది. ఏదో చెప్పబోయి ఆగిపోయిన మనిషి గొంతులా వచ్చింది. నా కాలితో అది ఎన్నడూ రాలేదు. నా చెయ్యి ఏం చెయ్యబోతుందో నా కాలికి ముందే తెలుసు. ఆమె కాలు వినాల్సి వచ్చింది.

ఆర్కెస్ట్రా పెద్ద వెనక్కి తిరిగి తలాడించాడు. నా కుర్చీ నాదే.

తర్వాత ఆయన మైకు తీసుకుని వాయించేవాళ్ల పేర్లు చదివాడు. గిటార్ అని నా పేరు చెప్పి డ్రమ్ములు వాయించేవాడి పేరుకు పోయాడు. నాకు ఒళ్లు మండింది. తీగల మోతను అరచేత్తో ఆపి, ఇంకొక పేరుందని అన్నాను. ఆయన మైకుకు అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏమప్పా, ఇంట్లో ఆడోళ్ల పేరు మైకులో చెప్తారా? వాయించు. కర్నూలోడు ఇంగా కాళీగానే ఉండాడు."

"పిల్చుకో పో. ఆమె పేరు చెప్పేదాకా నేను తీగ ముట్టను."

ఆమె నా ప్యాంటు పట్టి లాగి, "ఊరుకో" అంది. ఊరుకోలేదు. జనం ఎదురుచూస్తున్నారు. ఆయన నావైపు ఉరిమి చూసి, మైకులో వావా అని, ఆ వెంట ఆమె పేరు చెప్పాడు.

పందిరి మీది హారన్లలోంచి ఆ పేరు వీధి చివరిదాకా పోయింది. నేను తీగ ముట్టలేదు. అయినా నా గిటార్ స్పీకరు బాక్సులోని ఉత్త గుయ్యిమనే మోత ఒకసారి మెల్లగా నోరు తెరిచి, మెల్లగా మూసుకుంది. బాక్సు చెడిందేమోనని జనం అటు చూశారు. నేను ఆమె పాదం వైపు చూశాను.