సమ్మిళితమంటే సమ్మె అనుకున్నారు

మామూలు మనుషులకు నోరు తిరగని మాటలను వెతికి పట్టుకోవడానికి మా బ్యాంకు పై ఆఫీసులో ఎవరినో జీతమిచ్చి కూర్చోబెట్టారని నా అనుమానం. నేను సూరత్ బ్రాంచికి బదిలీ అయిన కొత్తల్లో అక్కణ్ణుంచి ఒక తెలుగు బ్యానర్ దిగింది. "సమ్మిళిత వృద్ధి అవగాహన సభ" అని బారెడేసి అక్షరాలు. దేశం ఎదుగుదలలో పేదవాళ్ళను కూడా కలుపుకోవాలని దాని భావం. ఆ కలుపుకునేదేదో వాళ్ళకు అర్థమయ్యే మాటతో కలుపుకుందామంటే మా మేనేజరు వినలేదు. ఆయన గుజరాతీ, తెలుగు ముక్క రాదు.

"లింబాయత్‌లో ఉన్నది మీవాళ్ళే కదా, మీరే చూసుకోండి" అన్నాడు.

మీవాళ్ళే! నాది కృష్ణా జిల్లా, వాళ్ళది తెలంగాణ. ఆ లింబాయత్ మగ్గాల గల్లీల్లో నేను నోరు విప్పితే, రేడియోలో వార్తలు వింటున్నట్టు మొహాలు పెట్టేవాళ్ళు.

నాతో మొదట మాట కలిపింది ఒక పెద్దావిడ. మరమగ్గాల షెడ్డులో బాబిన్లకు దారం చుడుతుంది. నోటికి భయం లేని మనిషి, నన్ను మేడం అన్న పాపాన పోలేదు. ఖాతా, బీమా, పింఛను అంటూ నేను పెట్టిన ఏకరువంతా ఓపిగ్గా విని అడిగింది.

"గివన్నీ మంచియే బిడ్డా. మా కార్ఖానల ఆడోళ్లకు సండాసు లేదు. దానికేమన్న ఇస్తదా మీ బ్యాంకు?"

సండాసంటే మరుగుదొడ్డి. ఆ షెడ్డులో మగవాళ్ళకూ లేదు గానీ వాళ్ళకు గోడ ఉంది. ఆడవాళ్ళు ఆపుకోవాలి, లేదంటే ఇంటికి పరిగెత్తాలి. ఇంటికి పోతే షెడ్డు యజమాని, సేఠు, కూలి కోస్తాడు. ఎన్నిసార్లడిగినా జాగా లేదంటాడట.

మా దగ్గర గేదెకు అప్పుంది, ఆటోకు అప్పుంది. ఇంకొకరి షెడ్డులో మరుగుదొడ్డికి మాత్రం ఏ పథకమూ లేదు. ఆ మాటే చెప్పాను.

"ఇగ ఏం బ్యాంకు బిడ్డా మీది!" అని లేచి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది, ఆమె మీద కాదు.

సభకు ముందురోజు సాయంత్రం ఆటోకు మైకు కట్టుకుని గల్లీలన్నీ తిరిగాను. "రేపు ఉదయం సమ్మిళిత వృద్ధి సభ! అందరూ తరలి రండి!" రెండు వైపులా మగ్గాలు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆ రొదలోనే బతికి బతికి అక్కడివాళ్ళకు చెవులు సగమే పనిచేస్తాయి. చవగ్గా దొరికిందని మేం తెచ్చిన మైకూ సగమే పలికింది. మొత్తానికి వాళ్ళ చెవిన పడింది ఇంతే: రేపు, సమ్మె, అందరూ.

ఆ మాట షెడ్డు నుంచి షెడ్డుకు పాకింది. తెలుగు రానివాళ్ళకు హడ్తాల్ అని తర్జుమా అయింది. పిలిచింది ఎవరని ఒక్కరూ అడగలేదట. ఎవరో ఒకరు పిలిస్తే చాలని ఎప్పట్నుంచో ఎదురు చూస్తున్నారు కాబోలు.

మర్నాడు గల్లీలో మేం వేసిన షామియానా కిక్కిరిసిపోయింది. అంతకుముందు మా సభలకు కుర్చీలు మాత్రమే హాజరయ్యేవి. "మీవాళ్ళకు వృద్ధి మీద ఎంత ఆసక్తి!" అని మేనేజరు మురిసిపోయాడు. నాకు మాత్రం ఏదో తేడాగా అనిపించింది. ఆ గల్లీలో కాకి అరవడం మొదటిసారి విన్నాను. మగ్గాలన్నీ ఆగిపోయి ఉన్నాయి.

అంతలో పెద్దావిడ షెడ్డు సేఠు స్కూటర్ మీద ఊడిపడ్డాడు. బ్యాంకులు హడ్తాళ్ళు చేయించడం ఎప్పట్నుంచని హిందీలో మేనేజరు మీద విరుచుకుపడ్డాడు. మేనేజరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇది హడ్తాల్ కాదని వెంటనే మైకులో చెప్పమని నా చెవిలో గొణిగాడు.

మైకు అందుకున్నాను. ముందు వరసలోనే పెద్దావిడ కూర్చుని నన్ను చూస్తోంది. నేను నిజం చెప్పానంటే అందరూ లేచి మగ్గాల దగ్గరికి పోతారు, సేఠుకు మళ్ళీ జాగా కనిపించదు. మేనేజరుకు తెలుగు రాకపోవడం నా అదృష్టం. బ్యానర్ మీదున్నదే గట్టిగా చదివాను. "సమ్మి" దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాననుకోండి. జనం హోరెత్తిపోయారు. నేను అబద్ధమేమీ ఆడలేదు, పై ఆఫీసు భాషే మాట్లాడాను.

సేఠు చెమట తుడుచుకున్నాడు. "క్యా చాహియే?"

ఏం కావాలో ఎవరూ అనుకుని రాలేదు. పెద్దావిడ లేచి నిలబడింది.

"సండాస్."

జాగా లేదన్నాడు. నీ స్కూటర్ పెట్టే చోట కట్టు, స్కూటర్ బయట ఉండొచ్చు, దానికి ఆపుకునే బాధ లేదు కదా అని ఆమె తన హిందీలో అంటించింది. సేఠు ఆమెను రేపట్నుంచి పనికి రావద్దన్నాడు. ఆమె కూర్చోలేదు, మిగతావాళ్ళు లేవలేదు. ఆమె పని ఊడితే ఆ పాపంలో మా బ్యానర్‌కూ వాటా ఉంటుంది. సేఠు ఆగిన మగ్గాల వైపు చూశాడు. కూలి రేటు పెంచమంటారని హడలిపోయి వచ్చినవాడికి సండాసే చవకగా తోచినట్టుంది. సరేనన్నాడు.

ఆమె మీద అసలు దాడి అప్పుడు మొదలైంది, మగవాళ్ళ నుంచి.

"గింత పెద్ద సమ్మె జేసి సండాసు అడుగుతవా? మీటరు కూలి రేటు అడగొద్దా?"

"అడుగుర్రి, నేనేమన్న అడ్డమున్ననా? మీకు ఊరంత గోడలున్నయి. మాకేమున్నది?"

సభ దిగ్విజయమని పై ఆఫీసు మేనేజరును మెచ్చుకుంది. కొత్త ఖాతా ఒక్కటీ తెరవలేదు, అది వేరే సంగతి.

కొన్ని వారాల తర్వాత ఆ షెడ్డుకు వెళ్ళాను. మూలన చిన్న గది, రేకు తలుపు, లోపల గడియ. పెద్దావిడ నాతో మాట్లాడుతూనే నీళ్ళ సీసా ఎత్తింది. మెడ మీదుగా కారుతున్నా ఆపకుండా గటగటా తాగింది.

"పనిల ఉన్ననాడు నీళ్లు ముట్టకపోదుము బిడ్డా. గుక్కెడు తాగినా భయమే. గీ ఉడుకపోతల."

వృద్ధి మీద ఏళ్ళ తరబడి ఉపన్యాసాలు దంచిన నోరు నాది. సిగ్గూ కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆమె నన్నేమీ పట్టించుకోకుండా సీసాను పక్కన బాబిన్లు చుడుతున్న ఆమెకు అందించింది.

"తాగవే, ఇగ భయమేంది?"

పక్కనామె మొదట ఆ రేకు తలుపు వైపు చూసింది. తర్వాత తాగింది.