పొద్దుగూకితే ఆగే రేడియో

"కాస్త ఆగొచ్చుగా అని ఊరంతా నన్నే అన్నారు. లైసెన్స్ నేను రాశానా, సూర్యుడు నా మాట వింటాడా?"

హైమక్క పకోడీలు వేయిస్తూ చెబుతోంది. అమెరికాలోని కాన్సాస్‌లో గోధుమచేల మధ్య ఉన్న మా చిన్న ఊరికి ఆమె భర్త రాధాకృష్ణగారు ఒక్కరే డాక్టరు. ఊరి రేడియోలో మధ్యాహ్నం గొంతు హైమక్కది. డెబ్బై తొమ్మిదిలో క్లినిక్ తరఫున ఫ్లూ సూదుల ప్రకటన ఇవ్వడానికి వెళ్తే, స్టేషన్ ఓనరు ఆమె గొంతు విని నువ్వే చదువమ్మా అన్నాడట. అప్పటినుంచి గోధుమ ధరలు, తప్పిపోయిన కుక్కలు, చర్చి భోజనాలు, ట్రాక్టరు టైర్ల ప్రకటనలు అన్నీ ఆమే. గోధుమ ధర చదివినా సహస్రనామం చదివినట్టే ఉంటుందని రాధాకృష్ణగారు ఏడిపించేవారు. నా ఇంగ్లీషంతా వంటింట్లో ఆ గొంతు వెంట పలుకుతూ నేర్చుకున్నదే.

రాత్రిళ్లు దూరపు స్టేషన్లకి అడ్డొస్తుందని ఆ స్టేషన్‌కి లైసెన్స్‌లో పగలు మాత్రమే అనుమతి. పొద్దుగూకగానే ఆపేయాలి. హైమక్క సెలవు చెప్పగానే నేను దేవుడి దగ్గర దీపం పెట్టేదాన్ని.

ఎనభై మూడు ఫిబ్రవరిలో ఒక శనివారం పక్క ఊళ్లో మా హైస్కూలు అమ్మాయిల బాస్కెట్‌బాల్ ఆట. గెలిస్తేనే రాష్ట్ర పోటీలకు. హైమక్క కూతురు రేణు ఆ జట్టులో ఉంది. వ్యాఖ్యానం చెప్పడానికి ఓనరు జిమ్‌కి వెళ్లాడు. టెలిఫోన్ లైను మీద వచ్చే ఆయన మాటని ప్రసారం చేయడానికి స్టేషన్‌లో ఒకరుండాలి. అలా కూతురి ఆటకి వెళ్లకుండా హైమక్క మీటల ముందు కూర్చుంది.

ఆట ఆలస్యంగా మొదలైంది. ఇంకా అయిదు నిమిషాల ఆట ఉందనగా సెలవు వేళ అయింది. రోజూ చెప్పే గొంతుతోనే ఊరికి నమస్కారం చెప్పి ట్రాన్స్‌మిటర్ ఆపేసింది.

ఆ రోజు నేను దీపం మాట మరిచి కారెక్కాను. నాలాగే సగం ఊరు. స్టేషన్ ముందు పికప్ ట్రక్కులు బారులు తీరాయి. లోపల టెలిఫోన్ లైను ఇంకా మాట్లాడుతూనే ఉంది. హైమక్క స్పీకరు మోసుకొచ్చి కిటికీలో పెట్టింది.

"రేడియో ఆపమన్నారు గానీ, కిటికీ మూయమన్నారా?"

చివరి క్షణాలు. స్కోరు సమానం. రేణుకి రెండు ఫ్రీ త్రోలు, ఎవరూ అడ్డురాకుండా బుట్టలోకి వేసే అవకాశాలు. మొదటిది పోయింది. రెండోసారి బంతి వదిలిందని ఓనరు అన్నాడో లేదో, ఆత్రగాడెవడో హారన్ కొట్టాడు. వాడి వెనక అందరూ. ఆ గోలలో హైమక్కకి ఇంకేమీ వినపడలేదు. కిటికీకి ఆనుకుని నిలబడ్డ ముసలి రైతొకాయన టోపీ తీసి లోపలికి విసిరేస్తే, అప్పుడు తెలిసింది గెలిచామని.

"ఊళ్లో అందరూ అడుగుతారు, అది ఎలా పడిందీ అని. నాకేం తెలుసు? రేణు ఒకసారి బుట్ట అంచు తగలకుండానే పడిందంటుంది, ఇంకోసారి అంచు మీద రెండు చుట్లు తిరిగి పడిందంటుంది."

పకోడీలు డబ్బాలో సర్ది నా చేతికిచ్చింది.

"రేపు రేణు ఉండే విచిటా వెళ్తున్నావుగా, దానికియ్యి. కానీ తినకముందే అడుగు. తిన్నాక కథలు చెప్తుంది."