మా లాబ్రడార్ వదలని మూట

మా లాబ్రడార్ పిల్లకు ఇద్దరు గురువులు. పొద్దున్న నేను, సాయంత్రం ఆరో తరగతి చదివే మా అమ్మాయి. నా క్లాసు పేరు శిక్షణ, ఆమె క్లాసు పేరు ఆట. హాజరు రెండింటికీ ఒకటే, ఉత్సాహంలోనే తేడా.

"ఇది విసిరింది తెచ్చి చేతికిచ్చే జాతి. ఆ విద్య నేర్పకపోతే దానికి అన్యాయం చేసినట్టే" అన్నాడు దాన్ని ఇచ్చిన విశాఖ మిత్రుడు. అందుకని విసరడానికి ఒక మూట తయారు చేశాను. చెరుకు నరికే రోజుల్లో చోడవరంలో కట్టెముక్క కోసం ఎవరు వెతుకుతారు? వీధి మలుపులో లారీ నుంచి జారిన గడ తెచ్చి, జానెడు ముక్క కోసి, గోనెపట్టా చుట్టి, పురికొసతో బిగించాను. బరువు చక్కగా కుదిరింది. నా పనితనానికి నేనే ముచ్చటపడ్డాను.

బుచ్చయ్యపేట దారిలో మా బావ చేను కోత అయిపోయి ఖాళీగా ఉంది. రోజూ అక్కడ మూట విసిరేవాణ్ణి. చెవులు వెనక్కి వాల్చి, మోళ్ల మధ్య ఒక్క అడుగూ తడబడకుండా కుక్క దూసుకుపోతుంటే ఆఫీసు టైము మరిచిపోయేవాణ్ణి. కానీ తెచ్చిన మూటతో పది అడుగుల దూరంలోనే ఆగి, ముందుకాళ్ల మధ్య పెట్టుకుని, కళ్లు అరమూసి నమిలేది. "ఇయ్యి" అంటే తోక ఊపేది తప్ప ఇచ్చేది కాదు.

నేరం ఎవరిదో నాకు వెంటనే తోచింది. సాయంత్రాలు పాత తువ్వాలుకు ఒక కొస అమ్మాయి, మరో కొస కుక్క పట్టుకుని లాగులాట ఆడేవారు.

"మొండిపట్టు నేర్పుతున్నది నువ్వే. అది మూట చేతికిచ్చేదాకా తువ్వాలాట బంద్" అన్నాను.

అమ్మాయి తువ్వాలు మడతపెట్టి బీరువాలో దాచేసింది. ఆ రోజు నుంచి సాయంత్రమైతే కుక్క బీరువా ముందు కూర్చునేది, అమ్మాయి కుక్క పక్కన కూర్చునేది.

"కుక్కకి ఉజ్జోగం ఇచ్చేరు గాని సెలవులియ్యలేదేటండీ?" అంది మా ఆవిడ.

"ఇద్దరికీ పట్టు తగ్గాలి."

"తగ్గాల్సింది ముగ్గురికి" అంటూ వంటింట్లోకి వెళ్లింది.

వారం తర్వాత ఆదివారం, వరండా మూల నుంచి అమ్మాయి పిలిచింది. "నాన్నా, ఇలా రా. సీమలు సూడు."

మూట నిండా చీమలు. ఆమె పురికొస విప్పింది. లోపల నమిలి నమిలి పిప్పి అయిన చెరుకు.

"మాడుగుల హల్వా నీ నోట్లో ఎట్టి, తినకుండా తెచ్చియ్యంటే ఇస్తావేటి?"

ఆ విషయంలో నా చరిత్ర ఇంటిల్లిపాదికీ తెలుసు.

"లాగులాటకి మొండి అయిపోయిందన్నావు కదా, సూడు" అంటూ తువ్వాలు తీసుకొచ్చింది. ఇద్దరూ హోరాహోరీగా లాగుతుండగా అమ్మాయి "స్టాట్యూ" అని బిగుసుకుపోయింది, బళ్లో పిల్లలు ఆడుకుంటారే, అలా. కుక్క రెండుసార్లు గుంజి, ఆమె ముఖంలోకి చూసి, మెల్లగా వదిలేసింది. వెంటనే అమ్మాయి ఆ కొస మళ్లీ దానికే ఇచ్చింది. వదిలితే ఆట పోదు, మళ్లీ మొదలవుతుంది. ఎన్నో వీడియోలు చూసి నేను నేర్పలేనిది ఆమె ఆటలో నేర్పేసింది.

"ఎప్పుడు నేర్పేవు?"

"నువ్వు బంద్ సెయ్యకముందే. నువ్వడిగేవా?"

చెరుకు తీసేసి పాత గుడ్డలు కుక్కి ఇద్దరం కొత్త మూట కట్టాం. మర్నాడు ముగ్గురం చేనుకెళ్లాం. విసిరాను, తెచ్చింది. "స్టాట్యూ" అని చెయ్యి చాపి బిగుసుకుపోయాను.

గట్టు మీద వెళ్తున్న మా బావ ఆగాడు. "ఏటి బావా, నడుం పట్టేసిందేటి?"

బొమ్మలు మాట్లాడవు కదా, పలకలేదు. కుక్క పది అడుగుల దూరంలో ఆగి, కాసేపు నన్ను చూసి, దగ్గరకొచ్చి మూటను నా అరచేతిలో పెట్టింది. తడిసింది గాని దానిమీద ఒక్క పంటిగాటు లేదు.

అమ్మాయి వైపు తిరిగి, "తప్పు నాది. ఈ సాయంత్రం నుంచి మీ ఆట మీదే" అన్నాను.

"సాయంత్రం దాకా ఎందుకు?" అని ఆమె చేను మధ్యకు పరుగెత్తింది. కుక్క నా వైపు చూసింది. అనుమతి అడుగుతోందేమోనని "వెళ్లు" అనబోయాను. నా నోరు తెరుచుకునే లోపే అది ఆమెను దాటిపోయింది.