లోకేశ్వరి బొంత చట్రం

మా హాల్లోంచి వంటింట్లోకి పోవాలంటే ఇప్పుడు నడుము వంచి మూడు ఇనుప పైపుల కింద దూరి పోవాలి. అరవై నాలుగేళ్ళ వయసులో నాకీ తిప్పలు తెచ్చిపెట్టింది నా భార్య లోకేశ్వరి. నిజం చెప్పాలంటే ఆ పైపులు తెచ్చింది నేనే. అయినా ఎవరైనా అడిగితే ఆమె పేరే చెబుతాను. ముప్పై ఆరేళ్ళ సంసారంలో నేను నేర్చుకున్న తెలివి అదొక్కటే.

లోకేశ్వరి బొంతలు కుడుతుంది. కోయంబత్తూరు పక్కన మా అవినాశిలో, తమిళనాట స్థిరపడిన మా తెలుగువాళ్ళలో ఎవరింట్లో కాన్పు ఉన్నా ముందు ఆమెకే కబురొస్తుంది. పుట్టిన బిడ్డను మేము కొత్త గుడ్డ మీద పడుకోబెట్టం. ఇంటి పెద్దవాళ్ళు కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరలను పొర మీద పొర పరిచి, చుట్టూ మడిచి, చేత్తో దగ్గర దగ్గరగా కుట్టిన బొంత మీదే పడుకోబెడతాం. లోకేశ్వరి కుట్టిన వరుసలు చీమలబారులా ఉంటాయి. స్కేలు పెట్టి చూడండి, ఎక్కడా పక్కకు పోవు. లేత్ మీద పనిచేసిన నాకే అసూయగా ఉండేది.

పోయిన ఏడాది ఆమె కుడి చెయ్యి వణకడం మొదలైంది. మొదట కాఫీ గ్లాసులో తెలిసింది. తర్వాత ముగ్గులో తెలిసింది. కోయంబత్తూరులో డాక్టరు చూసి, నరాల జబ్బు, మాత్రలతో పెరగకుండా చూడగలం, పూర్తిగా పోదు అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె ఆ చేతిని కొంగు కింద పెట్టుకుని తిరగడం మొదలుపెట్టింది. సూదుల డబ్బా బీరువా పైకెక్కింది.

సరిగ్గా అప్పుడే మదురైలో ఉన్న మా కూతురు కృత్తికకు ఐదో నెల అని తెలిసింది. లోకేశ్వరి మాట్లాడకుండా పోయి, చనిపోయిన తన తల్లి కృష్ణమ్మాళ్ కట్టిన ఆరు సుంగుడి చీరలు, మదురై చుక్కల నూలు చీరలు, బయటికి తీసింది. చుక్కల రంగు వెలిసిపోయి, పట్టుకుంటే చేతిలోంచి జారిపోయేంత మెత్తగా ఉన్నాయి. గంటసేపు కూర్చుని నాలుగు వేళ్ళ పొడవు కుట్టింది. వేళ్ళనిండా సూది పోట్లు. మడిచి లోపల పెట్టేస్తూ అన్న మాట ఇదీ:

"అంగట్లో ఏదన్నా కొనుక్కోమని చెప్పండి దానికి. నాకింక పోదుం."

చాలు అని తమిళంలో అనేసింది. మా ఆవిడకు బాగా బాధగా ఉంటే తమిళం వస్తుంది. పక్కింటి బిడ్డలందరికీ కుట్టి, సొంత మనవడికో మనవరాలికో కుట్టలేకపోతే ఈ మనిషి ఇంక దేనికీ లేచి కూర్చోదని నాకు తెలుసు.

అందుకే కోయంబత్తూరు గాంధీపురం దగ్గర పాత మిషన్లు అమ్మే కరుప్పుసామి దగ్గరికి పోయాను. మూతపడ్డ ఒక ఎక్స్‌పోర్ట్ కంపెనీ సామాన్ల మధ్య బొంతలు కుట్టే ఈ ఇనుప చట్రం పడి ఉంది. రెండు కాళ్ళ మధ్య పొడవాటి పైపులుంటాయట. వాటి మధ్య గుడ్డను బిగదీసి కడతారట, ఒక వరుస కుట్టాక పైపు తిప్పితే కుట్టని గుడ్డ ముందుకొస్తుందట. కుట్టుమిషన్ ఒక చిన్న బండి మీద కూర్చుని, పట్టాల మీద అటూ ఇటూ పోతుందట. రెండు పిడులు పట్టుకుని ఎటు తోస్తే అటు కుడుతుంది.

"సూది పట్టుకోవాల్సిన పనే లేదు సార్. రొంబ ఈజీ, చాలా సులువు!" అన్నాడు కరుప్పుసామి.

సూది పట్టుకోవాల్సిన పని లేదన్న తర్వాత ఆయన చెప్పిందేదీ నా చెవిలో పడలేదు.

సామాను దిగాక తెలిసింది నా పని. కాగితాలన్నీ ఇంగ్లీషు. బొమ్మలు ఆవగింజలంత. మూడు పైపులూ ఒకేలా ఉన్నాయి గానీ ఒకదాని బదులు ఇంకొకటి పట్టదు. పంపుల కంపెనీలో ముప్పై రెండేళ్ళు లేత్ పట్టి, ఫోర్‌మన్‌గా రిటైరైనవాణ్ణి! మొదటిసారి బిగిస్తే బండి చట్రం బయటికి వచ్చింది. రెండోసారి బిగిస్తే మిషన్ గోడవైపు తిరిగింది, కుట్టాలంటే ఎవరైనా గోడలో నిలబడాలి. మూడోసారి అన్నీ కుదిరాయి, రెండు స్క్రూలు మిగిలాయి. కరుప్పుసామికి ఫోన్ చేస్తే "అది ఎక్స్‌ట్రా సార్" అన్నాడు. ఇవ్వాల్సిన స్క్రూలే తక్కువ ఇచ్చే ఈ లోకంలో ఎక్కువ ఇచ్చే కంపెనీ ఎక్కడుందో నాకిప్పటికీ అర్థం కాలేదు.

ఇంటికి మిషనంటూ వస్తే పూజ చెయ్యాలి గదా. మా ఊళ్ళల్లో ఆయుధపూజ నాడు బొట్టు పెట్టించుకోని లేత్ లేదు, బస్సు లేదు, ఆఖరికి జిరాక్స్ మిషన్ కూడా లేదు. చందనం గట్టిగా కలిపి, కుంకం అద్ది, కాళ్ళకూ పైపులకూ పట్టాలకూ అడుగుకు మూడేసి చుక్కలు పెట్టాను. కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయ తొక్కించాలి. చక్రం చూస్తే గోళీ అంత, నిమ్మకాయ దానికి మూడింతలు. ముక్క కోసి పెట్టి తొక్కించాను. కర్పూరం వెలిగించాను. లోకేశ్వరి దండం పెట్టుకుంది.

సాధనకు నా పాత పంచె ఒకటి బిగించాం. చిక్కులు అప్పుడు మొదలయ్యాయి. ఇన్నేళ్ళూ గుడ్డను తిప్పిన మనిషి, ఇక్కడ గుడ్డ కదలదు, మిషనే తిరుగుతుంది. ఆమె గుడ్డను లాగుతుంది, నేను మిషన్ను తోస్తాను.

"ఏందండీ ఇది! ఆవును కట్టెయ్యకుండా గడ్డిని కట్టేసినట్టు ఉండాది!"

"నువ్వు గుడ్డ మీద చెయ్యి తియ్యి ముందు!"

"చెయ్యి తీస్తే కుట్టేది ఎట్ల?"

కింద దారం పిచ్చుకగూడు కట్టింది. రెండు రోజులు అదే గూడు. చివరికి కృత్తిక ఫోన్లో వీడియోలు చూసి, "నాయనా, గుడ్డను ముందుకు లాగే పళ్ళు ఉంటాయి గదా సూది కింద, వాటిని దించేసినారా?" అని అడిగింది. దించలేదు. దించాలని కరుప్పుసామి చెప్పాడేమో కూడా, నేను వింటేగా.

పళ్ళు దించాక దారం బాగానే పడింది. కానీ గీత సాగడం లేదు. కొంత దూరం పోతుంది, టక్కున ఎగురుతుంది, పక్కకు దూకుతుంది, మళ్ళీ పోతుంది. సూది మార్చాను. దారం మార్చాను. కాళ్ళ కింద అట్టముక్కలు పెట్టాను, తీశాను, మళ్ళీ పెట్టాను. ఫ్యాను ఆపాను. మిగిలిన రెండు స్క్రూలను ఎక్కడ పడితే అక్కడ దూర్చి చూశాను. నాలుగు రోజుల్లో మూడు పంచెలు పోయాయి. మిషన్ దూకినప్పుడల్లా లోకేశ్వరి మిషన్ను చూడదు, తన చేతిని చూసుకుంటుంది.

"మిషన్ మంచిదే. నా చెయ్యి సరి లేదు. ఎత్తి ఆయనకే ఇచ్చేసి రండి" అంది నాలుగో రోజు.

"నోరు మూసుకో! ముప్పై రెండేళ్ళు మిషన్లతో ఉన్నోణ్ణి, మిషన్ ఎప్పుడు తప్పు చేస్తాదో నాకు తెలీదా?" అని అరిచాను. నాకేమీ తెలియదు. తప్పు మిషన్‌దే అయ్యుండాలని లోపల అవినాశి స్వామికి మొక్కుకుంటున్నాను.

ఐదో రోజు మధ్యాహ్నం మజ్జిగ కోసం పైపుల కింద దూరుతుంటే తల ఠపీమని పట్టాకు తగిలింది. తిట్టుకుంటూ పైకి చూద్దును గదా, బండి చక్రం చుట్టూ పసుపురంగు పిడక కట్టి ఉంది. గోకితే గోటిలోకి వచ్చింది. వాసన చూశాను. చందనం! నిమ్మరసంతో కలిసి రాయిలా ఎండింది. పట్టా మీద అడుగుకు మూడు చుక్కలు, గీతలో అడుగుకు మూడు దూకుళ్ళు. కొండను తవ్వి ఎలుకను పట్టాను, ఆ ఎలుకను వదిలింది కూడా నేనే.

కంపెనీలో ప్రతి ఏడూ లేత్ పట్టాల మీద ఇట్లాగే బొట్లు పెట్టేవాళ్ళం. పూజ అయిన మరునాడు నేను వచ్చేసరికి లేత్ తళతళలాడేది. ఎవరో తుడిచేవారన్న మాట ముప్పై రెండేళ్ళలో ఒక్కసారీ నా బుర్రకు తట్టలేదు.

"లోకా! తప్పు నాదేనే! నీ చెయ్యి కాదు, నేనే, నేను పెట్టిన చందనం!" అని చట్రం కింద నుంచే కేకలు పెట్టాను. ఇంత సంబరంగా తప్పు ఒప్పుకున్న మొగుణ్ణి ఆమె అప్పటిదాకా చూసి ఉండదు. పరుగెత్తుకొచ్చి, పిడకను చూసి, నన్ను చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె నవ్వి ఎన్నాళ్ళయిందో.

వేణ్ణీళ్ళతో తుడిచి, ఆరబెట్టి, నూనె రాశాను. వేలితో తోస్తే బండి ఈ కొస నుంచి ఆ కొసకు చప్పుడు లేకుండా పోయింది. నాలుగో పంచె బిగించాం. లోకేశ్వరి పిడులు పట్టుకుంది.

దూకుడు లేదు. ఒక్కటీ లేదు. కానీ గీత నిటారుగా రాలేదు. మొదటి నుంచి చివరిదాకా సన్నగా, ఆగకుండా అలలు అలలుగా వచ్చింది.

"ఇంకా యాడో చందనం మిగిలుండాది" అన్నాను. మళ్ళీ తుడిచాను. మళ్ళీ అదే గీత. ఇంకోసారి తుడిచాను. మళ్ళీ అదే. మెరుగు పెట్టినట్టున్న పట్టానే తుడుస్తూ, ఏం తుడుస్తున్నానో నాకే తెలియకుండా ఉన్నాను. లోపల అన్నం పొంగుతుంటే ఆమె వంటింట్లోకి పోయింది.

నేను పిడులు పట్టుకున్నాను. ఆమె గీత పక్కనే కుట్టాను. గీత దారం పట్టి కొట్టినట్టు నిటారుగా పోతోంది. అంటే పట్టా మీద చందనమేమీ మిగల్లేదు. అంతలో వెనక అడుగుల చప్పుడు. నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. రెండు చేతులూ గడగడలాడించి మిగతా గీతంతా వంకర టింకరగా కుట్టేశాను.

"సూడు, నాకూ అట్లే వస్తా ఉండాది. మిషన్‌లోనే కోళారు, తప్పంతా దానిదే. రేపే ఆ కరుప్పుసామిని పిలిచి కడిగేస్తా" అన్నాను.

ఆమె వంగింది. నా గీత మీద వేలు పెట్టి మొదటినుంచి మెల్లగా తెచ్చింది. నిటారుగా ఉన్నచోటు అయిపోయిన దగ్గర వేలు ఆపింది.

"ఈడిదాకా నేను వంటింట్లో ఉంటిని. ఈడినుంచి వస్తిని. అంతే గదా?"

నేను పిడులు వదిలేశాను.

"వణుకు అట్ల ఉండదండీ. మీరు జాతర్లో సామి వచ్చినట్టు ఆడినారు. ఇట్ల ఉంటాది" అని కొంగు కింద నుంచి కుడి చెయ్యి తీసి నా అరచేతిలో పెట్టింది.

ఏడాదిలో ఆ చేతిని నేను పట్టుకోవడం అదే మొదలు. పట్టుకోనిచ్చింది కాదు. నా అరచేతిలో అది సన్నగా, విడవకుండా వణుకుతోంది. గట్టిగా పట్టుకుంటే ఆగుతుందేమోనని గట్టిగా పట్టుకున్నాను. ఆగలేదు. ముసలాణ్ణి, భోరున ఏడ్చేశాను.

"సుమ్మా ఉండండి, ఊరుకోండి, ఎవరన్నా వస్తే ఏమనుకుంటారు?" అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు లేవు. లోపలికి పోయి ఆరు సుంగుడి చీరలూ తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "కట్టండి."

"ఇవా? ఇప్పుడా? పాత గుడ్డ లోకా, విప్పి మళ్ళీ కుట్టేదానికి లేదు, చిరిగిపోతాది. ఇంకో నాలుగు రోజులు నా పంచెల మీద..."

"నాలుగు రోజులకు ఇది ఆగుతాదా?" అని చెయ్యి ఎత్తి చూపించింది. "ఆగదని డాక్టరు మనిద్దరికీ చెప్పినాడు. మీకు ఒక్కరికే ఇనపళ్ళేదు."

నేను చీరలు పరిచాను. కింద ఒకటి, దాని మీద నాలుగు చీరల మడతలు, పైన ఎర్రచుక్కల చీర. అంచులు పైపులకు బిగించి ముడత లేకుండా చుట్టాను. లోకేశ్వరి చీర మీద ఒకసారి అరచెయ్యి వేసి నిమిరి, పిడులు పట్టుకుని మిషన్ను తోసింది. చుక్కల మీదుగా గీత వణుక్కుంటూ బయల్దేరింది. ఆపుతుందేమోనని ఆమె మొహం చూశాను. ఆపలేదు, చివరిదాకా పోయింది.

"ఊఁ, తిప్పండి" అంది. నేను పైపు తిప్పాను.